ఆరేళ్ల పిల్ల సబ్‌మెరైన్ కడతానంటే

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా మురీ మిక్చర్ తింటూ మా అమ్మాయి ఒక ప్రకటన చేసింది. "నాన్నా, నేనూ ఇలాంటిదొకటి కడతాను. నీళ్ల లోపల్నించే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిపోతాను." అప్పటికి దానికి ఆరున్నరేళ్లు. నాకు ఒక చేతిలో పొట్లం, ఇంకో చేతిలో ఫోను. తల ఎత్తకుండానే "సరేలే, ఆదివారం వెళ్దాం" అనేశాను.

ఆదివారం పొద్దున్న ఆరింటికి లేచి చూస్తే స్కూలు బ్యాగులోని పుస్తకాలు మంచం మీద ఉన్నాయి. బ్యాగులో రెండు గౌన్లు, తువ్వాలు, మారీ బిస్కెట్ ప్యాకెట్టు, టార్చిలైటు. పిల్ల చెప్పులేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలిగినందుకు నాకేం కోపం రాలేదు. మాటిచ్చింది నేనే కదా.

ఆ తప్పు దిద్దుకోవడానికి ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఏది పని చేసిందో, ఏది బెడిసికొట్టిందో వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో కట్టేది రాకెట్టయినా, భీమిలి దాకా తాళ్ల వంతెనయినా సామాన్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

నేను నమ్మేది ఒక్కటే. "కుదరదు" అన్న మాట మన నోటితో అనకూడదు. అలాగని "కుదురుతుంది" అని అబద్ధమూ చెప్పకూడదు. ఆ మాటేదో నీళ్లు చెప్పాలి, అట్టపెట్టె చెప్పాలి, లెక్క చెప్పాలి. పిల్లలు మన మీద అలుగుతారు గానీ బకెట్లో నీళ్ల మీద అలగరు.

మొదటి నిమిషం

ఇలాంటి మాట వినగానే మనకు నవ్వొస్తుంది, లేదా "పెద్దయ్యాక కడుదువుగానిలే" అని వస్తుంది. ఈ రెండూ మంచివి కావని అందరికీ తెలుసు. నా అనుభవంలో వీటికంటే ప్రమాదం "అబ్బో, సూపర్!" అనడం. మెచ్చుకోలు చేతిలో పడ్డాక పిల్లకు ఇంకేం చెప్పాలో తోచదు. బల్ల మీద బొమ్మ గీసి అక్కడితో ఆపేస్తుంది.

మెచ్చుకోకండి, అడగండి. అదీ ఆ వస్తువు గురించి, ఆ రోజుకి ఒక్క ప్రశ్న. "ఎంతమంది ఎక్కొచ్చు?" అన్నది నేను చూసినవాటిలో మంచి ప్రశ్న. దానికి తప్పు జవాబంటూ ఉండదు, ఏ జవాబు చెప్పినా పని కాస్త ముందుకు జరుగుతుంది. "తలుపు ఎటువైపు?" కూడా బాగుంటుంది. "నీళ్లు లోపలికి రాకుండా ఏం చేస్తావు?" లాంటివి మొదటి రోజు వద్దు. పిల్లలకు పరీక్ష వాసన ఇట్టే తెలిసిపోతుంది.

నోటుబుక్కు కొనండి, గుమాస్తాగా చేరండి

గీతల్లేని 200 పేజీల నోటుబుక్కు ఒకటి. బొమ్మలు పిల్లవి, రాత మీది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయాలి, పైన తేదీ వెయ్యాలి. మా పుస్తకంలో మొదటి పేజీ ఇదీ:

"పేరు కురుసుర చెల్లి. రంగు నలుపు, కడుపు కింద ఎరుపు. కిటికీలు 14. నలుగురు ఎక్కుతారు. అమ్మ వంట చెయ్యదు, నాన్న చేస్తాడు. బూరా ఉంటుంది."

రాస్తున్నప్పుడు కిటికీల దగ్గర నా నోరు ఊరుకోలేదు. "సబ్‌మెరైన్లకి అలా కిటికీలుండవు తల్లీ" అన్నాను. "నాదానికి ఉంటాయి" అంది. అంతే, ఆ రోజుకి పుస్తకం మూసేసింది. తర్వాత ఆ కిటికీలు ఎలా తగ్గాయో కింద చెప్తాను. నేను నోరు మూసుకుని ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

ఈ పుస్తకంలో అక్షరదోషాలు దిద్దొద్దు. ఫోనులో ఫొటోలు తీసి చుట్టాల గ్రూపులో పెట్టొద్దు. అది ఆమె ఆఫీసు ఫైలు, మన వేడుక కాదు.

ఎక్కడికి, ఎవరి కోసం

నేను మూడు రోజులపాటు "ఎలా" అని అడుగుతూ కూర్చున్నాను. మా ఆవిడ జడ వేస్తూ ఒక్క మాట అడిగింది: "అక్కడ ఎవరున్నారే?"

కింది ఫ్లాట్లో ఉండే పిల్ల ఉంది. వాళ్ల నాన్న నేవీలో పని చేస్తారు. మే నెలలో పోర్ట్‌బ్లెయిర్ బదిలీ అయింది. (2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా పాత పేరే.) విశాఖలో నేవీ వాళ్ల పక్కన కాపురమున్న ఏ ఇంటికైనా ఇది తెలిసిన సంగతే. రెండు మూడేళ్లకోసారి పిల్లల స్నేహాలు సామాన్ల లారీ ఎక్కి వెళ్లిపోతుంటాయి. మేమది పెద్ద విషయంగా అనుకోలేదు, పిల్ల అనుకుంది.

కాబట్టి ఈ అడుగు దాటెయ్యకండి. ఎంత పెద్ద ఊహయినా దాని అడుగున చిన్న కారణం ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అది తెలిశాక సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. మాకు తేలిందేమిటంటే, సబ్‌మెరైన్ ఎప్పటికి తయారైనా ఉత్తరం ఈ వారమే వెళ్లాలి. స్పీడ్‌పోస్టులో పంపాం, కవర్లో సబ్‌మెరైన్ బొమ్మ. అట్నుంచి ఇంకో బొమ్మ వచ్చింది. ఆ పిల్ల అక్కడ జెట్టీ కట్టడం మొదలెట్టిందట. అప్పట్నుంచి మా పనికి రెండో రేవు కూడా దొరికింది.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. జడ వేస్తూనో, స్కూటరు మీద వెళ్తూనో, బఠానీలు వలుస్తూనో అడిగితే జవాబు వస్తుంది.

అసలుదాన్ని మళ్లీ చూపించండి, ఈసారి పనివాళ్లలా

మా ఊళ్లో ఇది సులువు. ఐఎన్ఎస్ కురుసుర బీచ్ రోడ్డు మీదే ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. 31 ఏళ్లు పని చేసి 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది, అంటే భూమి చుట్టూ మూడు సార్లకు పైగా. 2001 ఫిబ్రవరిలో విరమణ ఇచ్చారు. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. మీ పిల్లలకు విమానం పిచ్చి ఉంటే దాని ఎదురుగానే నేవీ వాడిన టీయూ-142 విమానం ఉంది.

మొదటిసారి చూడ్డానికి వెళ్తాం. రెండోసారి పనికి వెళ్లాలి. ఇంటి దగ్గరే నోటుబుక్కులో మూడు ప్రశ్నలు రాసుకుని బయల్దేరండి, మూడే. మావి: కిటికీలు ఎన్ని? వంటిల్లు ఎక్కడ? బాత్రూం ఎక్కడ?

ముందు బయట పొడుగు కొలిచాం. 91.3 మీటర్లని మేం చెప్పడం వేరు, తన అడుగులతో తను నడవడం వేరు. మా అమ్మాయికి 240 అడుగులొచ్చాయి, మధ్యలో ఒకసారి లెక్క తప్పి మళ్లీ మొదట్నుంచి నడిచింది. లోపల ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపు, పెద్దవాళ్లు నడుం వంచి కాలు ఎత్తి దూరాలి. నేను దూరడానికి తంటాలు పడుతుంటే తను నిలబడే దాటేసి వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తు. ఈ ఓడ తన కొలతలకే కట్టారనుకుని ఉంటుంది.

లోపల చూపించేవాళ్లలో నేవీలో పని చేసి రిటైరైనవాళ్లుంటారు. మీరు మాట్లాడకండి. పిల్లనే అడగనివ్వండి, మాటలు తడబడినా సరే. కిటికీల మాట మాకు చూపించిన పెద్దాయనే చెప్పారు. పది మీటర్లు దిగితే గోరంత చోటు మీద కిలో బరువు అదనంగా పడుతుంది, వంద మీటర్లు దిగితే పది కిలోలు. గోటి మీద పది కిలోల బియ్యం సంచి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోమన్నారు. పిల్ల తన బొటనవేలి గోరు చూసుకుంది. ఆ రాత్రి నోటుబుక్కులో 14 కొట్టేసి 2 అని రాయించింది. నేనేం అనలేదు.

బాత్రూముల సంగతి కూడా తేలింది. 75 మంది ఉండే చోట తాగే నీళ్లు ఎంతో పొదుపుగా వాడుకోవాలి, స్నానాలు పెద్దగా కుదరవు. ఈ ఒక్క కారణానికే మా అమ్మాయికి నేవీ మీద గౌరవం పెరిగింది.

శత్రువుల ఓడల మీదికి టార్పెడోలు వదిలే గొట్టాలు ముందువైపు ఆరు, వెనక నాలుగు. "ఇవెందుకు?" అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. యుద్ధం గురించి రెండు వాక్యాల్లో నిజమే చెప్పాను. 1971 డిసెంబరులో మన ఊరి ఎదుటి సముద్రంలోనే ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగిపోయిందనీ, పక్కనున్న విక్టరీ ఎట్ సీ స్తూపం ఆ యుద్ధం గుర్తుగా కట్టిందేననీ చెప్పాను. కాసేపు ఆలోచించి, "మన ఆరు గొట్టాల్లో జంతికలు పెడదాం. రేవులోకి వెళ్లగానే వదుల్దాం" అంది. పుస్తకంలో అలాగే రాశాను.

నీళ్ల చేత చెప్పించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఒక్కో ప్రయోగానికి ఒక్కో సెలవురోజు చాలు.

మొదటిది బాటిల్లో మునిగే మూత. పారదర్శకమైన లీటరు బాటిలు, క్లిప్పున్న పెన్ను మూత, కాస్త పిల్లలు ఆడుకునే క్లే. మూత పైన సన్నటి రంధ్రం ఉందేమో చూడండి. చాలా మూతలకు ఉంటుంది, దాన్ని క్లేతో గట్టిగా మూసెయ్యాలి. మేమది గమనించక గంటసేపు కొట్టుకున్నాం. క్లిప్పు చివర ఇంకొంచెం క్లే అంటించి, ముందు గ్లాసులో వేసి చూడండి. తెరిచిన వైపు కిందికి ఉండి, కొన మాత్రమే నీళ్ల పైకి కనిపిస్తూ నిలువుగా తేలాలి. మునిగితే క్లే తీయండి, బాగా పైకి తేలితే కలపండి. సరిపోయాక బాటిలు అంచు దాకా నీళ్లు నింపి, మూతను లోపల వదిలి, బిరడా బిగించండి. బాటిలు నొక్కితే మునుగుతుంది, వదిలితే లేస్తుంది. నొక్కినప్పుడు పెన్ను మూతలోని గాలి కుంచించుకుపోయి ఆ చోట్లోకి నీళ్లు దూరుతాయి. ఈ సంగతి మీరు వివరించకండి. బాటిలు కంటి దగ్గర పెట్టుకుని నొక్కమనండి. మూతలో నీటిమట్టం పైకి లేవడం తనకే కనిపిస్తుంది.

రెండోది అసలు సబ్‌మెరైన్ మునిగే పద్ధతి. అరలీటరు నీళ్ల బాటిలు పడుకోబెట్టి, కింది వైపు మూడు రంధ్రాలు చెయ్యాలి. కాల్చిన మేకుతో, ఆ పని పెద్దవాళ్లదే. రంధ్రాలున్న వైపే రబ్బరు బ్యాండ్లతో నట్లు, బోల్టులు కట్టండి, మొత్తం 150 నుంచి 200 గ్రాములు. బాటిలు మూతకు బెజ్జం చేసి, చేపల తొట్టెలో వాడే సన్నటి గొట్టం మీటరున్నర ముక్క దూర్చి, చుట్టూ ఎం-సీల్ పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. టబ్బులో వేస్తే కింది రంధ్రాల్లోంచి నీళ్లు ఎక్కి, గాలి గొట్టం గుండా పోయి, నెమ్మదిగా మునుగుతుంది. గొట్టంలో ఊదితే నీళ్లు బయటికి తోసుకుపోయి పైకి లేస్తుంది. కురుసుర చేసేదీ ఇంతకంటే వేరు కాదు. ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, సిలిండర్లలో కుక్కిన గాలితో ఆ నీళ్లను వెళ్లగొడితే తేలుతుంది. ఆ సాయంత్రం మా బాత్రూములో పడ్డ కేక కింది అంతస్తు దాకా వినిపించిందట.

మూడోదానికి ఖర్చు లేదు. మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల క్యాన్‌ను పెద్ద టబ్బులో రెండు చేతులతో అదమమనండి. అయిదు కిలోల బరువు తలకిందులుగా పైకి తంతున్నట్టుంటుంది. పిల్ల వల్ల కాలేదు. అప్పుడు లెక్క: మనిషి పట్టే నీలం డ్రమ్ము 200 లీటర్లు. దాన్ని ముంచాలంటే మొత్తం 200 కిలోలుండాలి. పిల్ల 20, డ్రమ్ము ఓ 10. ఇంకా 170 కావాలి. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు ఏడు. మా ఇంట్లో ఉన్నది ఒకటిన్నర. పిల్ల వంటింట్లోకి వెళ్లి బస్తాను తోసి చూసింది, కదల్లేదు. బయటికొచ్చి, "అయితే లోపలికి వెళ్లేది తర్వాత కడదాం. ముందు ఇంట్లో తిరిగేది కడదాం" అంది.

నేను నోటితో చెప్పి ఉంటే అది ఓటమిలా ఉండేది. తను చెప్పింది కాబట్టి ప్లాను అయింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. డ్రమ్ముల్లో, పాత ఫ్రిజ్‌లలో, మూత పడే పెట్టెల్లో పిల్లల్ని ఎక్కనివ్వొద్దు, ఆటకైనా, ఒక్క నిమిషానికైనా. ఫ్రిజ్ తలుపు లోపల్నించి తెరవడం పిల్లల వల్ల కాదు. లెక్కకు డ్రమ్ము వాడండి, ఎక్కడానికి అట్టపెట్టె.

ఇడ్లీల లెక్క

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ ఇంచుమించు 1,200 కిలోమీటర్లు. మన సబ్‌మెరైన్ మనిషి నడకంత వేగంతో, గంటకు నాలుగు కిలోమీటర్లు వెళ్తే 300 గంటలు. రాత్రీ పగలూ ఆగకుండా పన్నెండున్నర రోజులు. నలుగురికి పొద్దున్నపూట తలా నాలుగు ఇడ్లీలు, 13 రోజులకు 208. పిల్ల వీటిని గీతలు గీసి లెక్కపెట్టింది, రెండు పేజీలు నిండాయి.

"మరి పొయ్యి వెలిగిస్తే పొగ ఎటు పోతుంది?" అని నేనడగలేదు, మా ఆవిడ అడిగింది. అక్కడ్నించి కురుసుర ఇంజన్ల దాకా వెళ్లాం. డీజిల్ ఇంజను తిరగడానికి గాలి కావాలి, అందుకే పైన ఉన్నప్పుడు అది తిప్పి బ్యాటరీలు నింపుకుంటారు, మునిగాక బ్యాటరీలతో నడుపుతారు. దాంతో ఇడ్లీలు రద్దయ్యాయి. జంతికలు, మారీ బిస్కెట్లు ఖాయమయ్యాయి. ఒకటో తరగతి పిల్లకు గుణకారాలు ఎలా చెప్పాలా అని మేమెప్పుడూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు. ఆ 208 ఎక్కడ్నించి వచ్చిందో ఇప్పటికీ చెప్పగలదు.

అట్టపెట్టెలు

ఫ్రిజ్‌లు అమ్మే షాపుల్లో అడగండి. డెలివరీ కుర్రాళ్లు చాలాసార్లు పెట్టె వెనక్కి పట్టుకుపోతారు, ముందే చెప్పి ఉంచాలి. మాకు రెండు దొరికాయి. చివర చివర కలిపితే 3.4 మీటర్లు. కురుసుర పొడుగులో 27వ వంతు. 75 మందిని 27తో భాగిస్తే మా దాంట్లో ముగ్గురు పట్టాలి, పట్టారు కూడా.

కటింగ్ మొత్తం మీదే, గీతలన్నీ పిల్లవి. ఎక్కడ కొయ్యాలో మార్కర్‌తో గీయమని, ఆ గీత మీదే కొయ్యండి, వంకరైనా సరే. పైన తలుపు, పక్కన రెండు కిటికీలు, వెనకవైపు పూర్తిగా తెరిచి ఉంచండి. గాలి ఆడాలి, ఎవరైనా కంగారుపడితే ఒక్క అడుగులో బయటికి రాగలగాలి.

మన ఊరి తేమ గురించి ఎవరూ ముందు చెప్పరు. అక్టోబరు వానల్లో అట్ట అప్పడంలా మెత్తబడుతుంది. మేం బాల్కనీలో పెట్టిన ముందుభాగం వారం తిరిగేసరికి కూలబడిపోయింది, బ్రౌన్ టేపు దానంతటదే ఊడొచ్చింది. ఫెవికాల్ ఆరడానికి రెండు రోజులు తీసుకుంది. కాబట్టి హాల్లోనే కట్టండి, కాళ్లకు అడ్డమైనా భరించండి. మూలలకు లోపలివైపు రెండు పొరల అట్ట పట్టీ వెయ్యండి. టేపు బదులు అట్టకు బెజ్జాలు చేసి కొబ్బరి తాడుతో కుట్టేస్తే ఊడదు. రంగు ఇంట్లో మిగిలిన ఏషియన్ పెయింట్స్ డబ్బా ఉంటే చాలు, నీళ్లతో కలిపేది అయితేనే. ఆయిల్ పెయింటు వాసనకి పిల్లలు లోపల కూర్చోలేరు.

పెరిస్కోప్ మాత్రం శ్రద్ధగా చెయ్యండి, ఎందుకంటే ఇది బొమ్మ కాదు, నిజంగా పని చేస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున నాలుగు ముఖాలు వచ్చేలా అట్టను మడిచి, 50 సెంటీమీటర్ల పొడుగు చదరపు గొట్టం చెయ్యాలి. అద్దాల షాపులో ఎనిమిది సెంటీమీటర్లు, పదకొండు సెంటీమీటర్లు కొలతతో రెండు అద్దం ముక్కలు కోయించి, అంచులకు టేపు చుట్టండి. పై చివర ఒకటి, కింద ఒకటి, రెండూ 45 డిగ్రీల వాలులో, ఒకదానికొకటి సమాంతరంగా, మెరిసే ముఖాలు ఎదురెదురుగా ఉండాలి. చదరం కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే వచ్చే గీతే ఆ వాలు. పై అద్దానికి ఎదురుగా ముందువైపు కిటికీ, కింది అద్దానికి ఎదురుగా వెనకవైపు కిటికీ కొయ్యండి. గొట్టం మరీ పొడుగు చెయ్యకండి. మీటరు దాటితే కనిపించేది అగ్గిపెట్టంత అయిపోతుంది. మా అమ్మాయి మొదటిసారి దాన్ని బాల్కనీ గోడ పైకెత్తి కింద వాచ్‌మన్‌ను పది నిమిషాలు గమనించింది. "ఏటి సార్, పాప నన్ను ఓడలోంచి చూత్తన్నాదా?" అని ఆయన పైకి చెయ్యి ఊపాడు.

మీరు చెడగొట్టే రోజు

వస్తుంది. నాకు సెప్టెంబరు చివర్లో వచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్‌లో చక్కగా కొలతలతో ప్లాను గీశాను, ప్రింటు తీసి గోడకు అంటించాను. తోక రెక్కలు, గుండ్రటి ముక్కు, అన్నీ సరిగ్గా. పొద్దున్న పిల్ల దాన్ని చూసి "బాగుంది నాన్నా" అంది. ఆ తర్వాత పదకొండు రోజులు సబ్‌మెరైన్ జోలికి రాలేదు.

అది ఆమె చేతిలోంచి నా చేతిలోకి వచ్చేసింది, అదీ జరిగింది. ప్రింటు తీసేసి, దాని వెనక ఖాళీ వైపు ఆమెకిచ్చి, "ఇందులో నేను తప్పు గీశాను, ఎక్కడో చెప్పు" అని అడిగాను. అయిదు తప్పులు చూపించింది. మూడు నిజంగా తప్పులే. జంతికల గొట్టాలు మర్చిపోయాను.

మీకు ఇంజనీరింగ్ తెలిసి ఉంటే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. హెల్పర్‌గా ఉండండి. హెల్పర్ సుత్తి అందిస్తాడు, అడిగితేనే చెప్తాడు.

ఇది వేరు, పిల్ల తనంతట తను వదిలెయ్యడం వేరు. దసరా సెలవుల్లో మా అమ్మాయికి మనసు వేరే ఆట మీదికి పోయింది. పెట్టెలు హాల్లో మూడు వారాలు ఊరికే పడున్నాయి. "మొదలెట్టిన పని పూర్తి చెయ్యాలమ్మా" అని ఉపన్యాసం ఇవ్వబోయి ఆగాను. ఉత్తరం రాగానే తనే వెనక్కి వచ్చింది. రాకపోయినా ఫరవాలేదనే అనుకున్నాను. అయితే ఆ మూడు వారాలూ మేం ఆ పెట్టెలు తీసెయ్యలేదు. అది ముఖ్యం.

మా అమ్మ సంగతి చెప్పకపోతే అన్యాయం. "గుంటకి ఎక్కాలు నేర్పకుండా ఈ అట్టముక్కల గోలేటిరా?" అని రోజూ సణిగేది. పెద్దవాళ్లతో వాదించి లాభం లేదు, పని అప్పజెప్పాలి. "నాయనమ్మా, సబ్‌మెరైన్‌లోకి జంతికలు కావాలి" అని పిల్ల వెళ్లి అడిగింది. రెండు కిలోల పిండి కలిపింది మహాతల్లి.

సముద్రం దగ్గరికి తీసుకెళ్లకండి

కట్టినదాన్ని కెరటాల్లో తేల్చి చూద్దామని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, పైకి ప్రశాంతంగా కనిపించినప్పుడు కూడా. మోకాలి లోతు కూడా వద్దు. పైగా అట్ట, రంగు, టేపు సముద్రంలో వదలడమేమిటి? తేల్చే సరదా తీర్చడానికి బాటిల్ సబ్‌మెరైన్ ఉంది, ఇంట్లో టబ్బు ఉంది.

దించే రోజు

తేదీ ఒకటి పెట్టుకోండి, లేకపోతే ఇది తెమలదు. మేం డిసెంబరు మొదటి ఆదివారం అనుకున్నాం. డిసెంబరు 4 నేవీ డే కూడా దగ్గర్లోనే, ఊరికే ఒక హుషారు వస్తుంది.

ఓడల్ని నీళ్లలోకి దించడం ఈ ఊరికి కొత్త కాదు. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ జల ఉషను 1948 మార్చిలో నెహ్రూ దించింది ఇక్కడే, ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో. మన దేశంలో కట్టిన మొదటి అణు సబ్‌మెరైన్ అరిహంత్ 2009 జులై 26న దిగిందీ విశాఖలోనే. నేవీలో ఓడను దించేటప్పుడు ఆడవాళ్ల చేత కొబ్బరికాయ కొట్టించడం ఆనవాయితీ. మా ఇంట్లో ఆ పని ఎవరిదన్న దాని మీద చర్చే జరగలేదు. మా అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది.

సెల్లార్‌లో కార్ల మధ్య దించాం. అసోసియేషన్ వాళ్లను ముందురోజే అడిగాం, ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా అన్నారు. పక్క ఫ్లాట్ల పిల్లలు ఇద్దరు సిబ్బంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీడియో కాల్‌లో ఆ పిల్ల, వెనక అగ్గిపుల్లల జెట్టీ. జంతికలు ఆరు గొట్టాల్లోంచి వదిలారు, నాలుగు విరిగాయి. అసలు పొట్లం అంతకుముందు వారమే స్పీడ్‌పోస్టులో వెళ్లిపోయింది, ఆ పిల్ల అక్కడ తెర ముందు విప్పి తింది. మా అమ్మాయి పెరిస్కోప్ లోంచి ఫోను తెర వైపు చూసి, "భూమి కనిపిస్తోంది" అని అరిచింది.

తీసేసేటప్పుడు

పిల్ల స్కూలుకెళ్లినప్పుడు గుట్టుగా పారెయ్యకండి. ఎప్పటికైనా తెలుస్తుంది. అలాగని సంవత్సరాల తరబడి ఉంచలేం, అట్టలో బొద్దింకలు చేరతాయి. ఏవి ఉంచాలో ఆమెనే మూడు ఎంచుకోమనండి. నోటుబుక్కు, పెరిస్కోప్, పేరు రాసిన అట్టముక్క ఉంచుకుంది.

మిగతాది జనవరిలో పాత పేపర్ల కొట్టుకు తనే పట్టుకొచ్చింది, తాడు ఒక చివర తను, ఇంకో చివర నేను. కాటా మీద తొమ్మిది కిలోలు. కిలో ఎనిమిది చొప్పున 72 రూపాయలు చేతిలో పెట్టాడు. నోట్లు మడిచి జేబులో పెట్టుకుని, స్కూటరు ఎక్కాక అడిగింది:

"నాన్నా, కురుసుర ముసలిదైపోయాక కాటాకెందుకు వెయ్యలేదు?"

ముక్కలు చేసి అమ్మకుండా, ఒడ్డుకు లాక్కొచ్చి, జనం చూస్తారని ఇసకలో నిలబెట్టారని చెప్పాను.

"లాక్కొచ్చారా? ఎలా? తాళ్లతోనా?"

నోటుబుక్కులో ఇంకా 140 పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇంటికి రాగానే తేదీ వేశాను.